మూతపెట్టిన పాలగ్లాసు

పోయినవారం మనం జిరాక్స్ కొట్టు ముందు ఆగాం. మిషన్‌లో పెట్టబోయిన కాగితాలు గువ్వ చేతుల్లోంచి జారి నేలంతా పరుచుకున్నాయి. చేతులు అంతలా వణికాయి మరి. కొట్టాయన కసురుకోలేదు. తనే వంగి కాగితాలు ఏరుకుని, కొన్నాళ్లు ఇంటి దగ్గరే ఉండమ్మా, ఒంట్లో కుదుటపడ్డాక చూద్దాం అన్నాడు. దొరక్క దొరక్క దొరికిన పని చేజారిందని గువ్వ ఏడుస్తూ ఇంటిదారి పట్టింది. వీధి మలుపులో దాక్కుని చూస్తున్న తల్లికి గుండె జారిపోయింది. కానీ జారిపోయిన ఆ గుండె అడుగున ఎక్కడో ఒక చెంచాడు సంతోషం కూడా తొణికింది. చూశారా, పిల్లను బాగుచేస్తానని వచ్చిన ఆ నర్సు చేతుల్లో పెడితే ఏమైందో అన్న సంతోషం. అది తనలోంచి వచ్చిందేనని తెలిసి ఆవిడే హడలిపోయింది.

ఆవిడను వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. ముందుగదిలో కుట్టుమిషన్, దాని వెనక పూలపూల కర్టెన్, కర్టెన్ వెనక వంటిల్లు. అంతే ఇల్లు. భర్త పోయాక ఆ మిషన్ తొక్కి కూతుర్ని పెంచింది. చిన్నప్పుడు ఒళ్లో ముడుచుకుని పడుకునేదని గువ్వ అని పిలుచుకుంది. ఆ పిలుపే నిలిచిపోయింది.

టైలరమ్మకు భయం కొత్త కాదు. గువ్వ దగ్గితే క్షయేమో అనుకునేది. బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే ఏ లారీ కిందో పడి ఉంటుందని చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేది. ఆ భయాల్లో ఒక్కటీ నిజం కాలేదు, నిజమైంది ఆవిడ ఎన్నడూ భయపడనిది. చదువు ముగిసే ఏడాది గువ్వకు ఒక అనుమానం పట్టుకుంది. తన అన్నంలో ఎవరో ఏదో కలుపుతున్నారని. ముందు పళ్లెం వాసన చూసేది. తర్వాత ముద్ద ముద్దకీ ఆగేది. చివరికి తిండే మానేసింది. పెద్దాసుపత్రిలో మనసు జబ్బుల డాక్టరు మాత్రలు రాశాడు. అవీ విషమేనని పిల్ల కిటికీలోంచి విసిరేసింది.

ఎముకల గూడైపోతున్న కూతుర్ని చూసి టైలరమ్మ ఒకరోజు రెండు చెంచాల మధ్య మాత్ర పెట్టి నొక్కింది. పొడి చేసి, పంచదార రెట్టింపు వేసి, సాయంత్రం పాలల్లో కలిపి ఇచ్చింది. గువ్వ తాగింది. కొన్నాళ్లకు అన్నం తింది. మరికొన్నాళ్లకు నిద్రపోయింది. ఇక అప్పట్నుంచి ఏళ్ల తరబడి ఆ పాలగ్లాసు తప్పలేదు. ఏదో కలుపుతున్నారని బెంగపెట్టుకున్న పిల్లను ఏదో కలిపే నిలబెట్టుకుంది తల్లి. ఈ సంగతి ఆవిడకూ ఆ రెండు చెంచాలకూ తప్ప మూడో ప్రాణికి తెలియదు.

అలా నడుస్తున్న ఇంట్లోకి కేంద్రం వచ్చింది. వీధి చివర మూతబడిన ఫర్నిచర్ షాపుకు సున్నం వేసి, వేరే దేశం వాళ్లూ ఇక్కడి ఆరోగ్యశాఖ వాళ్లూ కలిసి తెరిచారు. మనసు జబ్బు వచ్చినవాళ్లను ఆసుపత్రి మంచాలకు అప్పగించకుండా, వాళ్ల ఇంట్లోనే, వాళ్ల వీధిలోనే, చేతనైన పనిలో మళ్లీ నిలబెట్టడం ఎలాగో ఇక్కడి నర్సులకు నేర్పడానికి అక్కడి నుంచి ఒకావిడ వచ్చింది. గుమ్మంలోకి రావాలంటే తల వంచాలి. అందుకని ఆవిడ పొడుగు మేడమ్ అయింది. ఆవిడ దగ్గర నేర్చుకుంటున్నవాళ్లలో ఒకమ్మాయి గువ్వను చూసుకునే బాధ్యత తీసుకుంది. ఆ పిల్లను అందరూ చిన్న నర్సు అంటారు.

టైలరమ్మ కంట్లో నలుసు ఆ చిన్న నర్సే.

ఏం తప్పు చేసిందని? ఏమీ చేయలేదు. అదే తప్పు. గువ్వ చొక్కాకు గుండీలు పెట్టుకోలేక తంటాలు పడుతుంటే ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి చూస్తుంది. అది వాళ్ల పద్ధతట. ఎదుటి మనిషి ఎంత ఆలస్యం చేసినా, ఎన్నిసార్లు తప్పినా, ప్రాణం మీదికి వస్తే తప్ప మన చెయ్యి ముందుకు రాకూడదట. కేంద్రంలో నేర్పే మొదటి పాఠమే అదట. కన్నతల్లి చేతులు కాయలు కాచేలా చేసిన చాకిరీ ఒకెత్తు, ఈ పిల్ల చేతులు ముడుచుకుని నిలబడటం ఒకెత్తు. మెప్పు మాత్రం ఆ చేతులకే. గువ్వ తలదువ్వుకుని బయటికొచ్చిన రోజు వీధి మొత్తం చిన్న నర్సును పొగిడింది. గువ్వ జిరాక్స్ కొట్లో పనికి కుదిరిన రోజు పొడుగు మేడమ్ చిన్న నర్సు భుజం తట్టింది. టైలరమ్మ భుజం ఎవరూ తట్టలేదు.

పైగా గువ్వ ఆ పిల్లను అక్కా అంటుంది. అంతకంటే ఘోరం, ఆ పిల్ల టైలరమ్మను అమ్మా అంటుంది. ఎవరికి ఎవరమ్మా అమ్మ, అని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగింది.

నా పాలు తాగి బాగుపడిందిరా నాయనా అని మిద్దెక్కి అరవాలనిపించేది టైలరమ్మకు. అరిస్తే గువ్వ చెవిన పడుతుంది. పడిందా, ఇక ఆ పిల్ల జన్మలో తన చేతి మంచినీళ్లు కూడా ముట్టదు. కక్కలేక మింగలేక కడుపులో ఒక నిప్పుల కుంపటి పెట్టుకుని తిరిగేది.

మొదట్లో చిన్న నర్సు ఇంటికొచ్చి, ఇంట్లో గువ్వ ఏమైనా మందులు వేసుకుంటోందా అమ్మా అని అడిగింది. ఆ రోజే, అదే గదిలో, చిన్న నర్సు చెప్పిన ఏదో పిచ్చాపాటీ కబురుకు గువ్వ పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని టైలరమ్మకు ఎన్నేళ్లయిందో. ఒళ్లు భగ్గుమంది. నీకన్నీ తెలుసుగా, ఇదీ నువ్వే కనుక్కో అనుకుంది మనసులో. పైకి మాత్రం, మాత్రలా, దగ్గరికి కూడా రానివ్వదు అని చెప్పేసి కత్తెర అందుకుంది.

ఇవాళ చిన్న నర్సుకు ఆఖరి పరీక్ష. కాగితం మీద రాసేది కాదు. ఒక ఇంటికి వెళ్లి, అక్కడి మనిషితో ఎలా మెలుగుతుందో పొడుగు మేడమ్ పక్కన కూర్చుని చూస్తుంది. నెగ్గితే ఆ అమ్మాయిని కొన్ని నెలలు మేడమ్ వాళ్ల దేశం పంపి ఇంకా నేర్పిస్తారు, తిరిగొచ్చాక ఇక్కడి నర్సులందరికీ ఆమే నేర్పాలి. ఆ పరీక్షకు ఎంచుకున్న ఇల్లు టైలరమ్మ ఇల్లు.

మధ్యాహ్నం మేడమీద ఇంటావిడ, టైలరమ్మ నోరారా అత్తయ్యా అని పిలిచే ముసలావిడ, జాకెట్ వదులు చేయించుకునే నెపంతో కిందికి దిగింది. గువ్వ గోడకు జారగిలబడి కునికిపాట్లు పడుతోంది. నోటి చివర కారిన చొంగ గడ్డం మీదికి వచ్చింది. టైలరమ్మ కొంగుతో తుడిచింది.

"ఈమధ్య ఇలా సోలిపోతోందేంటే? బాగా తేరుకుంటోందనుకున్నానే" అంది అత్తయ్య.

"బాగా తేరుకుంటే పాపం లోకం ఓర్వలేదుగా. పొద్దున్నే లే, నడువు, పని చెయ్యి అని దాన్ని పీల్చి పిప్పి చేశారు ఆ కేంద్రం వాళ్లు."

"ఆ నర్సుపిల్లని అనకు. మొన్నటిదాకా కిటికీ తెరవని పిల్ల మెట్ల దగ్గర నన్ను పలకరించింది, తెలుసా? ఆ పిల్ల చెయ్యి చలవ."

"ఆ చెయ్యి ఎప్పుడూ వెనకే ఉంటుందిగా అత్తయ్యా. చలవ ఎటునుంచి వచ్చిందో."

ముసలావిడ పడీ పడీ నవ్వింది. "నువ్వు కూడా వెళ్లి ఆ కేంద్రంలో చేరరాదూ. నీ భయాలకూ ఏదో ఒక మార్గం చెప్తారు. నీకు ఇంకో రోగం కూడా ఉందిలే, దానికి మందు వాళ్ల దగ్గర కూడా ఉండదు" అని, జాకెట్ అక్కడే మరిచిపోయి మెట్లెక్కేసింది.

ఆ ఇంకో రోగం ఏంటో టైలరమ్మ అడగలేదు. అడగకుండానే ముఖం మాడింది.

పీల్చి పిప్పి చేశారని పైకి అన్నా, లోపల ఆవిడ భయం వేరు. ఈ వణుకూ ఈ మత్తూ పాత జబ్బు మళ్లీ తలెత్తడమేనేమో. ఇవాళ చేతులు వణికాయి, రేపు పళ్లెం వాసన చూస్తుంది, ఎల్లుండి తిండి మానేస్తుంది, ఆ తర్వాత ఏముంది, మళ్లీ పెద్దాసుపత్రి, ఇనుప తలుపు. ఆ తలుపు చప్పుడు ఇప్పటికీ కలలో వినిపిస్తుంది ఆవిడకు. అందుకే పోయినవారం నుంచీ, ఎందుకైనా మంచిదని, మాత్రను ఒకటిన్నర చేసింది.

ఇవాళ చుట్టాల్లా మనుషులు ఇంట్లో ఉండగా చెంచాలు చప్పుడు చేయడం కుదరదు. ముందే కలిపి పెట్టేసింది. గ్లాసు మీద చిన్న మూత పెట్టి, పొయ్యి పక్కన, తన చెయ్యి చప్పున అందే చోట ఉంచింది.

ఎండ తగ్గుతుండగా వాళ్లొచ్చారు. పొడుగు మేడమ్ తల వంచి లోపలికొచ్చి, మిషన్ పక్కనున్న ఎత్తుపీట మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. మామూలుగా ఆవిడ మాట ఇటు, మన మాట అటు చెప్పడానికి కేంద్రం నుంచి ఒకాయన వస్తాడు. ఇవాళ ఆయనకు జ్వరం. ఆ పని కూడా చిన్న నర్సు మీదే పడింది. ఆ అమ్మాయి ముఖం కడిగిన పలకలా తేటగా ఉంది గానీ, చేతులు వెనక్కి కట్టుకున్నాక వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. టైలరమ్మ అది చూసింది. బాగా చూసింది.

గువ్వ టీ పెట్టాలి. పరీక్షలో అదే మొదటి మెట్టు. గువ్వ లేచింది. నడక బిగుసుకుపోయి, అడుగు నేలను రాసుకుంటూ పడుతోంది. గిన్నెలో నీళ్లు పోస్తే సగం బయట పడ్డాయి. పంచదార చెంచా డబ్బాలోంచి గిన్నెదాకా వెళ్లేలోపు ఖాళీ అయిపోయింది. మళ్లీ తీసింది. మళ్లీ ఒలికింది. కర్టెన్ పక్కకు తీసి ముగ్గురు ఆడవాళ్లు చూస్తున్నారు, ఇద్దరి చేతులు వీపు వెనక, మూడో ఆవిడ చేతులు మాత్రం గాల్లో. టైలరమ్మ చేతులు వాటంతటవే ముందుకు వెళ్తున్నాయి, చిన్న నర్సు కళ్లతోనే ఆపుతోంది. నా కూతురి దగ్గరికి వెళ్లడానికి నీ కళ్ల అనుమతి కావాలా అని టైలరమ్మకు లోపల కుతకుత ఉడికింది.

ఎట్టకేలకు టీ గ్లాసులు పళ్లెంలోకి చేరాయి. పళ్లెం గడగడలాడుతూ ముందుగదిలోకి వచ్చింది. గువ్వ అందరికీ ఇచ్చి, ఒలికినవి తుడవాలని మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. ఆ వెళ్లేటప్పుడు తల్లి వైపు చూడలేదు. చిన్న నర్సు వైపు చూసింది. బాగా చేశానా అక్కా అన్నట్టు. చిన్న నర్సు తలూపింది.

ఆ ఒక్క చూపు చాలు, కుంపటి రాజుకోవడానికి.

పొడుగు మేడమ్ తన భాషలో మెల్లగా ఏదో అడిగింది. చిన్న నర్సు గొంతు సవరించుకుని టైలరమ్మ వైపు తిరిగింది. ఈ వణుకు ఎప్పటి నుంచి, ఇంట్లో కూడా ఇలాగే ఉంటోందా, మీకేమనిపిస్తోంది అని మేడమ్ అడుగుతున్నారని చెప్పింది.

టైలరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"నాకేమనిపిస్తోందో చెప్తే, ఉన్నదున్నట్టు ఆవిడకి చెప్తావా? లేక నీకు పనికొచ్చేది ఏరుకుని చెప్తావా?"

"ఉన్నదున్నట్టే చెప్తానమ్మా."

"అయితే చెప్పు. నా కూతురు మీ కేంద్రం గడప తొక్కకముందు శుభ్రంగా ఉండేది. మీరొచ్చాక వణుకు, మత్తు, చొంగ. దాని శక్తికి మించి తోమారు. ఈ పిల్ల తన పరీక్ష కోసం, తన విమానం కోసం నా బిడ్డను మెట్టుగా వాడుకుంది అని చెప్పు."

చిన్న నర్సు ముఖంలో రంగు పోయింది. తర్వాత మేడమ్ వైపు తిరిగి, తల దించకుండా, ఒక్కో మాటా చెప్పుకుంటూ పోయింది. టైలరమ్మకు ఆ భాష రాదు. కానీ మాటలు పూర్తయ్యేసరికి పొడుగు మేడమ్ కళ్లు చిన్న నర్సు మీదికి ఎలా తిరిగాయో చూసి, ఈ పిల్ల అక్షరం కూడా మింగలేదని తెలిసిపోయింది. తన మీద తానే చాడీ చెప్పుకుంది. పరీక్ష పెట్టేవాళ్ల ఎదుట.

సిగ్గుపడాల్సింది టైలరమ్మ. కొంచెం పడింది కూడా. కానీ అసూయకు సిగ్గు తోడైతే నోరు మూతపడదు, ఇంకా తెరుచుకుంటుంది.

మేడమ్ మరో ప్రశ్న వేసింది. అంతకుముందు అంత శుభ్రంగా ఎలా ఉండగలిగిందో, ఇంట్లో మీరేం చేసేవారో తెలిస్తే మేమూ నేర్చుకుంటాం అంటున్నారు అని చెప్పింది చిన్న నర్సు. ఆ మాటలో వెటకారం లేదు. ఇన్నాళ్లకు, ఇన్నేళ్లకు, నువ్వేం చేశావమ్మా అని అడిగిన మొదటి మనిషి ఆ పొడుగావిడ. టైలరమ్మ గుండె ఒక్కసారిగా పొంగింది. కర్టెన్ వెనక గువ్వ ఉందన్న సంగతి ఆ పొంగులో కొట్టుకుపోయింది.

మిషన్ సొరుగు లాగింది. దారపు ఉండల కింద చెయ్యి పెట్టి మాత్రల అట్ట తీసి పొడుగు మేడమ్ ఒళ్లో పడేసింది.

"ఇదీ నేను చేసింది. రోజూ సాయంత్రం, పాలల్లో, దానికి తెలియకుండా. ఎన్నేళ్లుగానో. తలదువ్వుకుంటే ఈ పిల్ల గొప్ప, పనికెళ్తే ఈ పిల్ల గొప్ప. అది మనిషైంది నా పాలతో. చెప్పు, ఇది కూడా ఉన్నదున్నట్టు చెప్పు."

చిన్న నర్సు చెప్పలేదు. అట్ట వంక చూస్తూ నిలబడిపోయింది. గోడను పట్టుకుంది.

"అమ్మా, మొదట్లోనే మిమ్మల్ని అడిగాను కదా. దగ్గరికి కూడా రానివ్వదన్నారు."

"అన్నాను. అయితే ఏం?"

"ఇవే మాత్రలు తను కేంద్రంలో వేసుకుంటోంది. కొన్ని వారాల నుంచి. తన చేత్తో, తన ఇష్టంతో. మా డాక్టరుగారితో మాట్లాడి ఒప్పుకుంది. అమ్మకి నేనే చెప్తాను, జిరాక్స్ కొట్లో మొదటి జీతం తీసుకున్న రోజున చెప్తాను, అప్పటిదాకా చెప్పొద్దక్కా అంది. నేను మాటిచ్చాను." మేడమ్ ఒళ్లోని అట్టను వేలితో చూపింది. "రెండు చోట్లా మందు పడిందమ్మా. అందుకే ఈ వణుకు."

టైలరమ్మకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ తర్వాత ఒకటిన్నర గుర్తొచ్చింది. పిల్లను ఏ లారీ కిందో పడుతుందని జీవితమంతా కాపు కాసింది. ఆ లారీని రోజూ సాయంత్రం తనే నడిపింది.

చిన్న నర్సు ఇప్పుడు మేడమ్ వైపు తిరిగి మొత్తం చెప్పింది. చాలాసేపు చెప్పింది. అందులో తన తప్పు కూడా ఉందని, చేతిని ఒకసారి తన గుండెల మీద పెట్టుకోవడం చూసి టైలరమ్మ పోల్చుకుంది. ఇంట్లో ఇంకోసారి అడిగి నిర్ధారించుకోకుండా మాటకు కట్టుబడిపోయిన తప్పు. మేడమ్ అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, కోప్పడకుండా, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. చిన్న నర్సు దాన్ని ఇటు చెప్పింది.

"మాత్ర వేసుకుంటావా అని గువ్వను మీరు చివరిసారి ఎప్పుడు అడిగారంటున్నారమ్మా."

టైలరమ్మ ఏళ్లు వెనక్కి లెక్కపెట్టుకుంది. ఆ మొదటి ఏడాది కిటికీలోంచి విసిరేశాక మళ్లీ అడగనే లేదు. అడిగితే కాదంటుందేమోనని భయం. కాదంటే ఏం చేయాలో తెలియదని భయం.

కర్టెన్ ఉంగరాలు గలగలమన్నాయి.

గువ్వ. చేతిలో పాలగ్లాసు. మూత లేదు. చేతులు వణుకుతుంటే పాలు అంచు మీదుగా ఒలికి మణికట్టు మీదుగా కారుతున్నాయి. అరవలేదు, ఏడవలేదు. తల్లి దగ్గరికి కాకుండా ముందు చిన్న నర్సు దగ్గరికి వెళ్లి ఆగింది.

"అక్కా, కలుపుతున్నారనిపించడం జబ్బు అన్నావు కదా. నిజంగా ఎవరూ కలపరు అన్నావు. నాకు నమ్మకం కుదరాలని మా వంటింట్లోదే నా ముందు తిన్నావు. అలా అనిపించిన ప్రతిసారీ, ఇది జబ్బు, ఇది జబ్బు అని నాకు నేను చెప్పుకోమన్నావు. రోజూ చెప్పుకున్నాను. ఈ పాలు తాగుతూ కూడా చెప్పుకున్నాను."

చిన్న నర్సు కళ్లు నిండాయి.

"మరి ఏది జబ్బు అక్కా? ఏది కాదు? ఇప్పుడు నాకెలా తెలుస్తుంది?"

గువ్వ తల్లి వైపు తిరిగింది. గ్లాసు చాచింది.

"తాగమ్మా."

టైలరమ్మ చుట్టూ చూసింది. పొడుగు మేడమ్ లేచి నిలబడింది, చేతులు వెనక్కి. చిన్న నర్సు గోడ వదిలి నిలబడింది, చేతులు వెనక్కి. ఎవరూ గ్లాసును అడ్డుకోలేదు, ఎవరూ గువ్వను పట్టుకోలేదు. ఇది గువ్వ చేసుకోవాల్సిన పని అన్నట్టు. మొదటిసారి టైలరమ్మకు ఆ చేతులు ముడుచుకున్నట్టు కనిపించలేదు. కష్టంగా పట్టి ఆపుకున్నట్టు కనిపించాయి.

గ్లాసు అందుకుంది. పెదాలకు ఆనించి ఒక గుక్క తాగింది. రెట్టింపు పంచదార కింద నుంచి చేదు లేచి నాలుక అంతా పాకింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తను రుచి చూడలేదని అప్పుడు తెలిసింది.

"చేదుగా ఉందా?" అడిగింది గువ్వ.

"ఉంది."

"నాకు రోజూ ఉండేది. అమ్మ ఇచ్చింది చేదుగా ఉండదులే, అదీ నా జబ్బేలే అనుకునేదాన్ని."

టైలరమ్మ కళ్లు మూసుకుని గ్లాసు మళ్లీ ఎత్తింది. ఈసారి మొత్తం తాగేద్దామనే. నీకు పట్టించినదంతా నేనూ పుచ్చుకుంటాను, అప్పుడైనా నన్ను చూడు అన్నట్టు. అంతలో ఒక చెయ్యి వచ్చి గ్లాసును గట్టిగా లాగేసుకుంది. కళ్లు తెరిస్తే చిన్న నర్సు. పాలు నేల మీద, టైలరమ్మ కొంగు మీద, ఆ అమ్మాయి తెల్లబట్టల మీద. వెనక ఉండాల్సిన రెండు చేతులూ పరీక్ష పెట్టే మనిషి కళ్ల ముందే ముందుకొచ్చేశాయి.

గువ్వ వంటింట్లోకి వెళ్లింది. మేకుకు తగిలించిన సంచి తీసుకుని, ఉతికిన చొక్కా ఒకటి అందులో కుక్కుకుని వచ్చింది. గుండీల దగ్గర ఎంతో ఆలస్యం చేసే ఆ వణికే చేతులతోనే.

"అక్కా, నేను నీతో వచ్చేస్తాను. ఇక్కడ తినలేను."

టైలరమ్మ ఎన్ని నెలలుగా ఏ మాట వినాల్సి వస్తుందోనని భయపడిందో, అదే మాట. ఎవరికి పోతుందోనని భయపడిందో, ఆ మనిషికే. కసిదీరా తిడదామంటే చేదు ఇంకా నోట్లోనే ఉంది.

చిన్న నర్సు మేడమ్ వైపు చూడలేదు. గువ్వకు మెల్లగా చెప్పింది, మా ఇంటికి తీసుకెళ్లకూడదు, కేంద్రం వెనక గదిలో ఉండొచ్చు, ముందు ఇద్దరం ఇప్పుడే డాక్టరుగారి దగ్గరికి వెళ్దాం, నేను పక్కనే ఉంటాను అని. గువ్వ సరేనంది. సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా నడిచింది. అడుగు నేలను రాసుకుంటూ.

గుమ్మం దగ్గర చిన్న నర్సు ఆగింది. పాలు కారుతున్న బట్టలతోనే వెనక్కి తిరిగి, టైలరమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. చేతులు మళ్లీ వీపు వెనక్కి వెళ్లాయి.

"అమ్మా, తను పెద్దది. వస్తానంటే ఆపే హక్కు నాకు లేదు, మీకూ లేదు. అయినా మీకు తెలియకుండా మీ దగ్గరి నుంచి ఏదీ తీసుకోను. అందుకే అడుగుతున్నాను. పంపుతారా?"

గుమ్మంలో గువ్వ వెనుదిరిగి చూసింది. ఈసారి అక్క వైపు కాదు. తల్లి వైపు. ఆ చూపులో కోపమే ఉందో, ఇంకేమైనా ఉందో చదవడానికి టైలరమ్మ కళ్ల నిండా నీళ్లు అడ్డం. వద్దంటే ఏమవుతుందో తెలుసు. సరేనంటే ఏమవుతుందో తెలియదు. ఆవిడ చేతులు, ఏళ్ల తరబడి ఒక్క క్షణం ఊరుకోని ఆ చేతులు, కొంగు వదిలి, మెల్లగా, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, వెనక్కి కదిలాయి.

నోరు తెరిచింది.